చెయ్యి కాల్చిన కెపాసిటర్

ఇవాళ మా ఇన్వర్టర్ రిపేరు షాపులో ఒక కెపాసిటర్ పేలింది. మాడిన చేపలాంటి ఆ వాసనకు ఆమదాలవలసలో, వైర్‌లెస్‌లో దూరాల వాళ్లతో మాట్లాడే మావ హామ్ రేడియో గది గుర్తొచ్చింది. మా వీధివాళ్లూ, గొంతు దూరం పోవాలని ఆయన సొంతంగా కట్టిన ఆంప్లిఫయర్ మోత మీకు గుర్తుందా?

దానికి పాతసామాన్ల కొట్లో కెపాసిటర్లు ఏరుకొచ్చేవాడు. ఆంప్లిఫయర్ ఆపి, ఛార్జి దించాక వాటిని నా చేత ముట్టించేవాడు.

"మావా, సెయ్యి కాల్తంది!"

"వోల్టులు సరిపోయాయి, మైక్రోఫారడ్లు సరిపోయాయి. ఇంకేటి కావాలే నీకు?"

తుఫానుకి ఫోన్లు పోయిన రోజు, కొట్టుకుపోయిన పడవల్ని వెతకమని ఒడిశా తీరంలోని మరో హామ్ ఆపరేటరుకు పడవల పేర్లు చదువుతుంటే ఆ కెపాసిటర్ పేలింది. ఇక మావ గొంతు అంత దూరం పోలేదు. గుమ్మంలో మా వీధి అప్పలమ్మత్త, తన కొడుకు పడవ పేరు ఎప్పుడు చదువుతాడా అని నిలబడే ఉంది. ఆ పడవ తిరిగి రాలేదు.

ఎగుడుదిగుడుగా పారే రిపుల్ కరెంటు ఎక్కువైతే కెపాసిటర్ లోలోపల ఉడికిపోతుందని మాకెవడూ చెప్పలేదు. నేనే చదువుకుని తెలుసుకున్నాను. ఏం లాభం? ఇవాళ ఓనరుకు చెబితే, "వోల్టులు సరిపోయాయి కదే, మూసుకుని బిగించు" అన్నాడు. బిగించాను.

అత్త ఇప్పటికీ ఎదురుపడితే అడుగుతుంది: "ఒసే, మీ మావ మా పడవ పేరు సదివాడా?"

"సదివాడత్తా" అంటాను. ఆ పేరు దాకా రాకముందే పేలింది.