గ్యాసు చప్పుడు

తొంభైల మొదట్లో, నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పదకొండేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. నారాయణగూడలో మా బామ్మర్దికి ఏసీలు బాగుచేసే షాపు ఉండేది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. చిక్కడపల్లిలో మేముండే కిరాయి ఇంటికి వచ్చి, మా ఆవిడ ముందు నా చెయ్యి పట్టుకుని, "ఖాళీగ ఎందుకు బావా, నా దగ్గరికి రా. పని నేర్పిస్త" అన్నాడు.

షాపులో ఆ 'బావా' నాలుగు రోజులే నిలిచింది. తర్వాత "ఏయ్, పానా తే", "గా డబ్బా లేపు". కిటికీలోంచి ఏసీ దించేటప్పుడు బరువు వైపు ఎప్పుడూ నాదే. ఏడాదిలో అన్నీ నేర్చుకున్నాను, గ్యాస్ నింపడం తప్ప. సిలిండరు మోసుకుని మెట్లెక్కేది నేను. తీరా పైపు తగిలించే వేళకు "ఛాయ్ పట్టుకరాపో" అనేవాడు. తిరిగి వచ్చేసరికి పని అయిపోయి ఉండేది. అడిగితే, "దానికి చెయ్యి తిరగాలె. నీకింక టైముంది" అనేవాడు.

ఆ వేసవిలో అశోక్‌నగర్‌లో ఒక రిటైరైన టీచరమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె భర్త పక్షవాతంతో మంచం పట్టాడు. వీపంతా పుండ్లు పడ్డాయని, ఆయన కోసమే పాత ఏసీ ఒకటి కొన్నారు. అది చల్లబరచడం లేదు. దాన్ని వెనక బాల్కనీలోకి దించి కడిగాం. "గ్యాస్ పోయిందమ్మా, నింపాలె" అని చెప్పి బామ్మర్ది నన్ను ఛాయ్‌కి పంపాడు.

హోటల్ మూసి ఉండడంతో వెంటనే వెనక్కి వచ్చాను. గ్యాస్ ఒత్తిడి చూపించే గేజీ ఇంకా సంచిలోనే ఉంది. పైపు ఏసీకి తగిలించనే లేదు. అతను సిలిండరు తిప్పి గ్యాసును గాల్లోకి వదులుతున్నాడు, ఆ బుస్సుమనే చప్పుడు లోపలివాళ్ళకు వినపడాలని.

నన్ను చూసి గబుక్కున కట్టేశాడు.

"ఎక్కడ లీకున్నదో ఎతకాలంటే పొద్దంత పోతది. నోరు మూస్కో" అన్నాడు.

మూసుకున్నాను.

కడిగినందుకు వచ్చిన చల్లదనం నాలుగు రోజులు ఉన్నట్టుంది. గ్యాస్ చాలక ఆగకుండా తిరిగి తిరిగి, మూడు వారాలకు కంప్రెసర్ కాలిపోయింది. టీచరమ్మ ఎండలో నడిచి షాపుకు వచ్చింది.

"గ్యాస్ నింపామన్నారు కదా బాబూ?"

"నింపినమమ్మా. మా మనిషి కొత్తోడు, సరిగ్గ బిగించలే. లీకైపోయింది" అని బామ్మర్ది నన్ను చూపించాడు.

ఆమె నా వైపు తిరిగింది. "ఇంత వయసొచ్చింది, చేసే పని మీద ధ్యాస ఉండక్కర్లేదా? అక్కడ మనిషి వీపు ఆనించలేక ఏడుస్తున్నారు."

ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెల కిరాయి కళ్ళ ముందు మెదిలాయి. "పొరపాటైందమ్మా" అన్నాను.

రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకు చెప్పాను. "తమ్ముడు గాబట్టి పనిచ్చిండు. ఒక మాట పడితే ఏమైతది?" అంది. మర్నాడు షాపుకు వెళ్ళలేదు.

ముషీరాబాద్‌లో ఒక ముసలి మెకానిక్‌ను బతిమాలాను. "గిదేమన్న బ్రహ్మవిద్యా?" అని నవ్వి, అన్నీ నా చేతనే చేయించాడు. అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు చూడడం, పైపుల్లోని గాలి లాగేయడం, గేజీ ముల్లు చూస్తూ కొంచెం కొంచెంగా గ్యాస్ వదలడం. రెండు రోజులు పట్టింది. ఏడాది పాటు నన్ను ఛాయ్‌కి పంపించి దాచిన విద్య రెండు రోజులది!

ఆయన దగ్గరే ఒక పాత కంప్రెసర్ అడిగి తీసుకుని, రిక్షాలో వేసుకుని అశోక్‌నగర్ వెళ్ళాను. టీచరమ్మ గేటు దాకా వచ్చింది కానీ గడియ తీయలేదు.

"ఊరికే చేసి పెడతానమ్మా."

"వద్దు బాబూ. నీ చెయ్యి పడ్డాకే అది పాడైంది."

లోపలి నుంచి ఆయన మూలుగు వినపడుతోంది. జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ తప్పు నాదేనని ఆమె ముందే ఒప్పుకున్నవాణ్ణి. ఇప్పుడు ఇంకొకడి మీదికి నెడితే ఏ మొహంతో నమ్ముతుంది? ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. రిక్షా అతను "దించాల్నా అన్నా?" అని అడిగాడు. వద్దన్నాను. వచ్చిన దారినే ముషీరాబాద్ పోనిమ్మన్నాను.