నిజం చెప్పిన సెన్సారు చెవి మెలిపెట్టాను

మగవాడన్నాక జీవితంలో ఒక్కసారైనా కట్టుకున్న భార్య ముందు, ముక్కూ మొహం తెలియని ఎనిమిది మంది ఆడవాళ్ళ ముందు, మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో పరువు పోగొట్టుకోవాలి. ఆ భాగ్యం మీకింకా దక్కలేదా? దిగులు పడకండి. ఒక స్నోమొబైల్, ఒక స్క్రూడ్రైవరు, "నేను ఇంజినీర్ని కదా" అన్న నమ్మకం, ఈ మూడూ ఉంటే చాలు. మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది. నాలుగేళ్ళ క్రితం నాకు అలాగే జరిగింది.

స్నోమొబైల్ అంటే మంచు మీద పరిగెత్తే మోటారు బండి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, కుడి బొటనవేలి దగ్గర ఒక చిన్న మీట. ఆ మీటే దాని యాక్సిలరేటరు. మా ఇంట్లో దాన్ని నడిపేది నా భార్య స్రవంతి. నాకు నడపడం రాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నడపడం రానివాడికే రిపేరు చేయాలన్న ఉబలాటం ఎక్కువగా ఉంటుంది.

స్రవంతి ఆ బండి కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. సేఫ్టీ కోర్సు చేసింది, పరీక్ష రాసింది, సెకండ్ హ్యాండ్ బండి వెతికి వెతికి కొన్నది. మేముండే ఏజాక్స్ ఊరికి ఉత్తరాన గంట ప్రయాణంలో ఆడవాళ్ళ స్నోమొబైల్ క్లబ్బొకటుంది, అందులో చేరింది. తీరా చేరిన ఏడాది మంచే పడలేదు. మరుసటి ఏడు ఎట్టకేలకు పడింది, ట్రైల్స్, అంటే చెట్ల మధ్య ఈ బండ్లు తిరిగే దారులు, తెరిచారు, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మొదటి రైడ్ అన్నారు. సోమవారం నుంచి వాన అని వాతావరణ సూచన. వాన పడితే ట్రైల్స్ మళ్ళీ మూసేస్తారు. అంటే ఆ ఆదివారం తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. ఇంత ముఖ్యమైన సందర్భంలో నేను చేతులు కట్టుకుని కూర్చుంటానా? కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో.

ఇక్కడ నిమ్మకాయ సంగతి చెప్పాలి. ఎదురింటి ప్రసాద్ గారు మంచివారే గానీ, ఆ వారంలో బండి వాకిట్లోకి తెచ్చిన రోజు "భలే ఉందండీ మీ బండి" అని మూడుసార్లు అన్నారు. ఒక్కసారంటే మెచ్చుకోలు. మూడుసార్లంటే మా తెనాలి లెక్కలో దిష్టి. వెంటనే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తెచ్చి, పురికొసకు గుచ్చి, హ్యాండిల్‌కి కట్టాను. కారు వెనక తగిలించే ట్రైలరు మీద ఊగి ఊడిపోకుండా పక్కనున్న మీటని కూడా కలిపి మూడు చుట్లు చుట్టి మూడు ముళ్ళు వేశాను. మా పెళ్ళిలో వేసిన ముళ్ళు కూడా అంత గట్టిగా వేయలేదు. మీరు ఇప్పటికే తలపట్టుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ పని చేసిన మరుక్షణం నుంచి అది గుర్తే లేదు.

శనివారం పొద్దున స్రవంతి వాకిట్లో బండి స్టార్ట్ చేసింది. మీట ముట్టుకోకుండానే బండి రంకెలేసింది. డాష్‌బోర్డు మీద నారింజ రంగు లైటు వెలిగింది. ఆమె వెంటనే ఆపేసింది.

"ఏం చేసినవ్ దీనికి?"

"నేనేం చేస్తాను?"

"మొన్నటిదాంక మంచిగనే ఉండె. మధ్యల ఏం మార్చినవో యాది చేసుకో."

స్రవంతి సాఫ్ట్‌వేర్ టెస్టరు, నేను డెవలపర్ని. డెవలపర్ జాతి యావత్తూ తరతరాలుగా చెబుతూ వస్తున్న జవాబే నేనూ చెప్పాను.

"నేనేం మార్చలేదు."

"సరే, లొరేన్‌కి ఫోన్ చేస్తా."

లొరేన్ అంటే స్రవంతి వాళ్ళ క్లబ్బుకి పెద్ద. డెబ్బై ఏళ్ళావిడ, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది.

"పాపం, పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకు? ఇంట్లో ఇంజినీర్ని పెట్టుకుని!"

"నువ్వు జావా ఇంజినీర్‌వి."

"లాజిక్ ఎక్కడైనా ఒకటే" అన్నాను. వారాంతకాలే విపరీత బుద్ధి అని ఊరికే అనలేదు. అనలేదా? అయితే ఇప్పుడు నేనంటున్నాను.

లైటు ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెట్టి నెట్‌లో వెతికితే, తప్పు థ్రాటిల్ పొజిషన్ సెన్సారుదని తేలింది. మీట ఎంత నొక్కారో బండిలోని కంప్యూటరుకి చెప్పే చిన్న నల్ల డబ్బా అది. మీట వదిలేస్తే తక్కువ వోల్టేజి చూపించాలి, నొక్కేకొద్దీ పెరగాలి. అది కాస్త అటూ ఇటూ అయితే రెండు స్క్రూలు వదులు చేసి, డబ్బాని వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ బిగించాలి. వీడియోలో ఒకాయన నాలుగు నిమిషాల్లో చేసేశాడు. మొదట్లో ఆయన "ముందుగా మీట పూర్తిగా వదులుగా ఉందో లేదో చూసుకోండి" అన్నాడు. అది పిల్లలకి చెప్పే జాగ్రత్త అనుకుని ముందుకి జరిపాను.

వోల్టేజి కొలిచే మల్టీమీటరు ప్రసాద్ గారి దగ్గరుంది. ఆయన ఎలక్ట్రానిక్స్ చదివారు, ఆ తర్వాత పాతికేళ్ళుగా మేనేజరుగా ఉన్నారు. మీటరుతో పాటు ఆయన కూడా వచ్చేశారు. హుడ్ అనే ముందు మూత తీసి వైర్లకి మీటరు తగిలించాం.

"ఎక్కువ చూపిస్తోందండీ" అన్నారు ప్రసాద్ గారు. "ఎవరో మీట కొంచెం నొక్కి పట్టుకున్నట్టు చెబుతోంది."

ఇద్దరం మీట వంక చూశాం. ఎవరి బొటనవేలూ దాని మీద లేదు.

"ఎవరూ నొక్కట్లేదే!"

"అయితే సెన్సారు అబద్ధం చెబుతోందండీ."

"అబద్ధాల సెన్సారు. అమ్మినవాడు మోసం చేశాడు."

అంతలో హ్యాండిల్ నుంచి వేలాడుతున్న నిమ్మకాయ ప్రసాద్ గారి నుదుటికి తగిలింది. చలికి గడ్డకట్టిన నిమ్మకాయ. టంగుమంది.

"అబ్బా! ఇది అడ్డొస్తోందండీ. తీసేయమంటారా?"

"వద్దొద్దు, విప్పితే ఫలితం పోతుంది. కాస్త పక్కకి పట్టుకోండి."

ఆయన ఎంతో భక్తిగా, ఎడమచేయి తగలకుండా, దండని కుడిచేత్తో పక్కకి పట్టుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. దారం చూడలేక సెన్సారు ఓడు అన్నది మేమిద్దరమే. స్క్రూల మీద పసుపు రంగు చుక్కలున్నాయి. కంపెనీలో ఒకసారి సరిచేశాక "దీన్ని ముట్టుకోకండి" అని వేసే గుర్తులవి. ప్రసాద్ గారు మురిసిపోయారు.

"చూశారా, కంపెనీవాళ్ళు కూడా పసుపు పెట్టారండీ."

ఆ పసుపు మీదే స్క్రూడ్రైవరు పెట్టాను. సెన్సారుకి మెలి పెట్టాను, మళ్ళీ పెట్టాను. మొత్తం యంత్రంలో ఉన్నది ఉన్నట్టు చెబుతున్న ప్రాణి అదొక్కటే. దాని చెవి పట్టుకుని, నాకు కావలసిన అంకె చెప్పేదాకా తిప్పాను. మధ్యాహ్నానికి లొంగిపోయింది. లైటు ఆరిపోయింది. బండి ఇంకా గుర్రుమంటూనే ఉంది గానీ, "చలికి అంతేనండీ" అని ప్రసాద్ గారు తేల్చేశారు.

స్రవంతి వచ్చి చూసింది.

"ఏం ప్రాబ్లముండె?"

"చాలా లోతైన విషయంలే. చెప్పినా నీకర్థం కాదు."

ఈ వాక్యం ఆమెకి ఈరోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆదివారం తొమ్మిదికి పది నిమిషాలుందనగా ట్రైల్ మొదట్లో బండి దింపాం. లొరేన్‌తో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది బండ్లు, అన్నీ స్టార్ట్ అయి సిద్ధంగా ఉన్నాయి. లొరేన్ బయల్దేరేముందు ఒక్కో బండీ చూస్తూ మా దగ్గరికొచ్చి ఆగింది. ఆవిడ మాటలు తెలుగులో చెబుతున్నాను. ఇంగ్లీషులో ఇంకా చురుక్కుమన్నాయి.

"హ్యాండిల్‌కి ఏదీ వేలాడకూడదమ్మా. చెట్టుకొమ్మకి తగులుకుంటుంది."

స్రవంతి నా వంక చూడనైనా చూడకుండా "కట్ చేసెయ్యండి" అంది. లొరేన్ జేబులోంచి చాకు తీసి పురికొస తెగ్గోసింది. టక్కున మీట కొద్దిగా బయటికొచ్చింది. లొరేన్ కనుబొమలు పైకి లేచాయి. 

స్రవంతి స్టార్ట్ చేసింది. బండి ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ దగ్గింది. నారింజ లైటు నిశ్చింతగా వెలిగింది. మూడోసారికి పక్కనున్న ఎనిమిది ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. అంత నిశ్శబ్దంలో మిగిలింది మా స్టార్టరు చప్పుడొక్కటే.

స్రవంతి హెల్మెట్ అద్దం పైకెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "మీరు పోండి లొరేన్, లేటవుతుంది మీకు. మేం ఇంటికి పోతాం" అంది. అప్పటిదాకా నాకు నా పరువు గురించే బెంగ. ఆ కళ్ళు చూశాక నిజంగా సిగ్గేసింది. రెండేళ్ళు ఆమె దాచుకున్న ఆదివారాన్ని నేను స్క్రూడ్రైవరుతో విప్పేశాను.

"ఎవరూ ఎక్కడికీ పోవట్లేదు" అని లొరేన్ హుడ్ ఎత్తింది. లోపలికి ఒక్కసారి చూసి నా వైపు తిరిగింది.

"ఇక్కడ పెయింటు పగిలింది. ఎవరు తిప్పారు?"

"ఇంతకుముందు ఓనర్ అయ్యుండొచ్చు" అన్నాను ఆకాశం వంక చూస్తూ.

స్రవంతి తెలుగులోకి మారింది. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే తిప్పాను" అన్నాను.

"ఎందుకు తిప్పావు?"

"ఎవరో మీట నొక్కినట్టు చూపిస్తోంది. ఎవరూ నొక్కలేదు."

లొరేన్ తెగిన దండని నా కళ్ళ ముందు ఎత్తి పట్టుకుంది. పురికొస ఇంకా మీట ఆకారంలోనే వంకర తిరిగి ఉంది. గోటితో పోయే ముడిని నేను గొడ్డలిదాకా తెచ్చానని అప్పుడు తెలిసింది.

"అయితే సెన్సారు నిజమే చెప్పిందన్నమాట. ఇంతకీ ఇదేమిటి?"

"ఎవరి చెడు కళ్ళూ పడకుండా కట్టానండీ."

"పనిచేసిందా?"

నాకంటే ముందు స్రవంతి అందుకుంది. "కళ్ళని ఆపుతుంది. చేతుల్ని ఆపదు."

ఎనిమిది మందీ పగలబడి నవ్వారు. ఒకావిడైతే స్కీ మీద కూలబడింది. స్రవంతి కూడా నవ్వింది, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. అది చూసి నాకు కాస్త ఊపిరొచ్చింది.

లొరేన్ తన సంచిలోంచి మీటరు తీసింది. "రండమ్మా అందరూ, దగ్గరికొచ్చి చూడండి" అంది. ముందు మీట వదులుగా ఉందో లేదో చూసింది. తర్వాత స్క్రూలు వదులు చేసి, సెన్సారుని వెంట్రుకవాసి తిప్పి, ఏది ఎందుకో ఒక్కొక్కటీ చెబుతూ బిగించింది. పది నిమిషాలు పట్టింది. బండి పాలు తాగిన పిల్లిలా గుర్‌గుర్‌మంది. తొమ్మిదీ పదిహేనుకి తొమ్మిది బండ్లు వరసగా చెట్ల మధ్యకి వెళ్ళిపోయాయి. స్రవంతి వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగు గంటల పాటు కారులో కూర్చున్నాను.

తిరిగొచ్చినప్పుడు ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. కారెక్కగానే అంది, "లొరేన్ నిన్ను వచ్చే నెల క్లబ్బుకి రమ్మన్నది. స్పెషల్‌గ నిన్నే."

నా ఛాతీ పొంగింది. ఎంతైనా గుణం గుర్తించే మనుషులు. "నన్నా? ఎందుకట?"

"రిపేర్ క్లాస్ పెడుతున్నరు. ఇయ్యాల్టి పాఠం అందరికీ మస్తు నచ్చిందట. ప్రాక్టీసుకి ఎవరన్నా మంచిగ చెడగొట్టిన బండి కావాల్నట."

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది తెలుగువారి సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక స్క్రూ అన్నది ముట్టను. పసుపు చుక్క ఉన్నదాన్ని అసలే ముట్టను. యంత్రం ఏదైనా చెబితే, నా భార్య చెప్పినట్టే నమ్ముతాను. ప్రతినెలా రెండో ఆదివారం, పదింటి నుంచి పన్నెండింటి దాకా మాత్రం ఈ శపథం వర్తించదు. నాలుగేళ్ళయింది, ఇంతవరకు ఒక్క క్లాసూ మానలేదు. చెడగొట్టడంలో నా అంత నమ్మకమైన మనిషి ఇంకా దొరకలేదట.