పన్నెండో షీటు

నాకు డ్రాయింగు సర్టిఫికెట్ లేదు. ఉండాల్సిన పన్నెండు షీట్లలో పదకొండింటికి మాస్టారు సంతకం పెట్టారు, పన్నెండోదానికి పెట్టలేదు. ఒక పువ్వును మార్చి గీయమన్నారు, నేను గీయనన్నాను. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు అయ్యో అంటారు. ఆ అయ్యో నాకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

డెబ్బైల చివర్లో మాట. పదో తరగతి అయిపోయిన ఎండాకాలం. ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. నాయన నేస్తాడు, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతాను. ఆదోనిలో ఒక బడిలో సెలవుల్లో డ్రాయింగు పరీక్షకు తరగతులు చెబుతారని తెలిసి నాయన్ను వారం రోజులు సతాయించి బస్సెక్కాను. మా వీధి ఆడపిల్ల చదువు కోసం ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. ఆ పరీక్ష గట్టెక్కితే దాని పైది రాయవచ్చు, అదీ గట్టెక్కితే ఏదో ఒక బడిలో డ్రాయింగు టీచరు కావచ్చు. కండెల బుట్ట ముందు నుంచి లేవడానికి నాకు కనబడిన దారి అదొక్కటే.

మాస్టారు కోస్తా నుంచి వచ్చినవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయనకు పని రాదని నేను అనను. అక్షరాన్ని గీతల మధ్య ఎలా నిలబెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలాలో ఆయన నేర్పినట్టు నాకు ఇంకెవరూ నేర్పలేదు. కూజా, చెక్కపెట్టె ముందు పెట్టుకుని బొమ్మ గీయించారు. అగ్గిపెట్టె లేబులు, పుస్తకం అట్ట, చిన్న కుటుంబం పోస్టరు వేయించారు. ప్రతి షీటుకూ కింద కుడివైపు సంతకానికి ఒక గడి. పన్నెండు గడులూ నిండితేనే పరీక్షకు పేరు పంపుతారు.

చివరిది గుడ్డ మీద వేసే డిజైను. అది చెప్పిన రోజు నేను లోలోపల నవ్వుకున్నాను. మగ్గం ఇంటి పిల్లకు గుడ్డ డిజైను ఒక లెక్కా అనుకున్నాను. గళ్ళ కాగితం మీద ఇరవై నాలుగు గళ్ళ వెడల్పు, పదహారు వరుసల ఎత్తుతో ఒక బుటా పువ్వు గీసి, రంగులు నింపి తీసుకుపోయాను.

మాస్టారు షీటును చేత్తో పట్టుకుని దూరంగా జరిపి చూశారు.

"ఏమ్మాయ్, ఈ పువ్వును ఎవరైనా కాలితో తొక్కారా?"

తరగతంతా నవ్వింది.

"గుడ్డలో గుండ్రంగా వస్తాది సార్," అన్నాను.

"నేను గుడ్డను చూడటం లేదు. కాగితాన్ని చూస్తున్నాను."

"గుడ్డ కోసమే కద సార్ కాగితం."

ఆయన షీటును బల్ల మీద పరిచారు. షీటు మూలన, సంతకం గడికి పైన, నీలం కలంతో చక్కటి గుండ్రటి పువ్వు ఒకటి గీసి చూపించారు. దాని పక్కన ఎర్ర సిరాతో 'అనుపాతం తప్పు, మళ్ళీ వేయాలి' అని రాశారు. శనివారం లోపల తెమ్మన్నారు.

నేను ఎందుకు అలా గీశానో చెబుతాను. గళ్ళ కాగితంలో ఒక్కో నిలువు వరుస ఒక పడుగు పోగు, ఒక్కో అడ్డ వరుస ఒక పేక పోగు. మేము నేసే గుడ్డలో పడుగు పోగులు దగ్గర దగ్గరగా ఉంటాయి, పేక పోగులు వాటికంటే ఎడంగా పడతాయి. అందువల్ల కాగితం మీద గుండ్రంగా ఉన్న పువ్వు గుడ్డలోకి వచ్చేసరికి నిలువునా సాగి వంకాయ అవుతుంది. గుడ్డలో గుండ్రంగా రావాలంటే కాగితం మీద అణిచి గీయాలి. ఈ సంగతి మా వీధిలో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. తెలియనిది నాకు సంతకం పెట్టాల్సిన ఆయనకు.

నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఆదోని పిల్ల. వాళ్ళ నాన్న బజారులో అంగళ్ళకు బోర్డులు రాస్తాడు. బయటికి వచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పేది నాకు తెలుసే. మా అబ్బా మేడ మీద బోర్డు రాసేటప్పుడు పై అక్షరాలు పొడుగ్గా రాస్తాడు, కింద నుంచి చూసేవానికి సమంగా కనపడల్ల అని. అయినా సారుకు కావాల్సింది ఆయనకు గీసిచ్చెయ్. నీ పువ్వు నువ్వు ఇంట్లో గీసుకో. ఎవరు వద్దన్నారు?"

ఆమె చెప్పింది తెలివైన మాటే. తెలివైన మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముక్కు మీద కోపంతో బస్సెక్కి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే నాయనకు అంతా చెప్పాను.

నాయన మగ్గం గుంతలో కూర్చునే విన్నాడు. "నీకు ఆయప్ప సంతకం కావాల్నా, పువ్వు కావాల్నా?"

"రెండూ కావల్ల."

"సరే పాపా. నేసి చూద్దాం పట్టు."

మగ్గం మీద పడుగు చివర కొంచెం మిగిలి ఉంటే, దాని మీద నేయడానికి కూర్చున్నాం. బుటాకు యంత్రం అక్కర్లేదు, పోగులు చేత్తో ఎత్తి మధ్యలో రంగు నూలు దూర్చాలి. ఒకరు కాగితం చదవాలి, ఒకరు ఎత్తాలి. నేను చదివాను. "ఎనిమిది వదులు, మూడు ఎత్తు. రెండు వదులు, ఆరు ఎత్తు." ముందు మాస్టారి పువ్వు. దాన్ని నేను గళ్ళలోకి ఎక్కించాను, ఇరవై నాలుగు వెడల్పు, ఇరవై నాలుగు ఎత్తు. దాని పక్కన నాది. అనుకున్నట్టే మాస్టారి పువ్వు పొడుగ్గా నిక్కింది. నేను చప్పట్లు కొట్టబోయి నా పువ్వు వైపు చూసి ఆగిపోయాను. అది గుండ్రంగా రాలేదు. గుడ్డలో కూడా అణిగే ఉంది.

నాయన నవ్వడం మొదలుపెట్టాడు. "పోగులు యాడ లెక్క పెట్టినావు?"

గూట్లో ఉన్న గుడ్డముక్క మీద, అన్నాను.

"అది నేను నేసింది కాదు పాపా. పక్కింటి తాతది. ఆయనది తేలిక చెయ్యి, పేక ఎడం ఎడంగా పడతాది. నాది బరువు చెయ్యి. నేను అచ్చుతో ఒక్క దెబ్బ కొడితే పోగు పోయి పోగుకు అతుక్కుంటాది. నా చెయ్యి బరువు నువ్వు లెక్కలో ఏసుకోల్యా."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. మాస్టారు గుడ్డను చూడలేదని ఎగిరిపడ్డాను కదా, నేను చెయ్యిని చూడలేదు. అది కూడా నాకు అన్నం పెట్టే చెయ్యి. మళ్ళీ లెక్క వేసి ఇరవై వరుసలతో కొత్త షీటు గీశాను. మూడో పువ్వు నేశాం. గాజు పెట్టి గీసినట్టు వచ్చింది. మాస్టారు నాలుగు వరుసలు ఎక్కువ, నేను నాలుగు వరుసలు తక్కువ. తప్పులో ఇద్దరం సమానమే. కాకపోతే నేను మగ్గం దగ్గరికి పోయి దిద్దుకున్నాను.

శనివారం మూడు పువ్వుల గుడ్డనూ, పాత షీటునూ, కొత్త షీటునూ మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన గుడ్డను వెలుతురుకు తిప్పి చూశారు. తన పువ్వును వేలితో తడిమారు.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నారు చివరికి. గొంతు తగ్గించి అన్నారు, తరగతికి వినబడకుండా. "కానీ షీట్లు చూసే పెద్దమనిషి వేరే ఊళ్ళో ఉంటాడు. ఆయన ముందు ఈ గుడ్డ ఉండదు, కాగితం ఉంటుంది. అణిగిన పువ్వుకు నేను సంతకం పెడితే నాకేమీ తెలియదంటాడు. ఒక్క గంట కూర్చుని గుండ్రంగా గీసివ్వు, ఇప్పుడే సంతకం పెడతాను."

తెల్ల షీటు కూడా ఆయనే ఇచ్చారు. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, గీద్దామనే కూర్చున్నాను. ఇరవై నాలుగు గళ్ళు లెక్కపెట్టి చుక్క పెట్టాను. పైకి ఇరవై దాటాక చెయ్యి కదలలేదు. ఆ నాలుగు వరుసలూ గీస్తే ఏమవుతుందో నేను గుడ్డలో చూసి వచ్చాను. చూసింది చూడనట్టు గీయడం నాకు చేతకాలేదు. తెల్ల షీటు బల్ల మీద పెట్టి, నా రెండు షీట్లూ చుట్టుకుని, మూడు పువ్వుల గుడ్డ తీసుకుని బయటికి వచ్చాను. వెనక నుంచి ఆయన ఒకసారి పిలిచారు. తిరిగి చూడలేదు.

బస్సులో ఏడ్చాను. అది కూడా చెప్పాలి కదా. నా పేరు పరీక్షకు పోలేదు. స్నేహితురాలు రాసి గట్టెక్కింది, తర్వాత టీచరయింది, మంచి టీచరు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని వీధిలో అన్నారు. అనుకోనీ. కుందేలు కాళ్ళు నేను లెక్కపెట్టే చెప్పాను. నెల తిరిగేసరికి జీతం తెచ్చుకునే ఆ స్నేహితురాలిని చూసి కొన్నేళ్ళు కుళ్ళుకున్నాను కూడా. అయినా ఆ నాలుగు వరుసలు గీసి ఉంటే బాగుండేదని ఒక్కరోజూ అనుకోలేదు.

కండెల బుట్ట ముందు నుంచి మాత్రం లేచాను. మా వీధిలో ఒక్కొక్కరే బుటాలు గీయమని రావడం మొదలుపెట్టారు. కాగితం తీయకముందే నేను అడిగే మాట ఒకటే, ఎవరు నేస్తారు అని. ఆ మనిషి నేసిన గుడ్డ తెప్పించుకుని, పోగులు లెక్కపెట్టి, అప్పుడు గీసేదాన్ని.

ఎనభైలు సగం దాటాక ఒక సంగతి గమనించాను. నాయనకు గీసిన ఇరవై వరుసల పువ్వు పొడుగవుతోంది. మొదట నూలును తిట్టాను. తర్వాత పేకను కొట్టే అచ్చును తిట్టాను. అచ్చు కొట్టే చప్పుడు మునుపటికంటే మెత్తగా వినబడ్డాక అర్థమయింది. నాయనతో ఏమీ అనకుండా పంతొమ్మిది వరుసలకు దించి గీశాను. ఏడాది తిరక్కుండా పద్దెనిమిది. తర్వాత పదిహేడు. ఆయన పోగులు ఎత్తుతున్నప్పుడు వరుసలు తగ్గినట్టు ఆయనకు తెలియకుండా ఉండదు. ఆయన కూడా ఏమీ అనలేదు.

ఒకరోజు పదహారుకు దించాల్సి వచ్చింది. కాగితం తీసి గళ్ళు లెక్కపెడుతుంటే, ఈ పువ్వు నేను ఇంతకుముందే గీశానని గుర్తొచ్చింది. ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ పాత షీటు తీశాను. మూలన మాస్టారి నీలం పువ్వు, ఎర్ర సిరా మాట, కింద ఖాళీ గడి, అన్నీ అలాగే ఉన్నాయి. దాన్ని మోకాలి మీద పెట్టుకుని చదివాను. నాయన ఎత్తాడు. పువ్వు ఎక్కడా వంక లేకుండా గుండ్రంగా వచ్చింది. నా బతుకులో ఆ ఒక్కసారి నా లెక్క తప్పు కావాలని కోరుకున్నాను.

నాయన పువ్వును వేలితో తడిమి, షీటు ఇటివ్వమన్నాడు. ఎర్ర సిరా అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"పక్కింటి తాత చెయ్యి నాకు వచ్చేసినాది పాపా," అన్నాడు. తర్వాత ఖాళీ గడిని చూపించి, "ఆయప్ప సంతకం ఈడేనా పెట్టాల్సింది?" అని అడిగాడు.

"ఈడే నాయనా."

కలం తెమ్మన్నాడు. నాయన సంతకం నేర్చుకున్నది పెద్దయ్యాక, ఒక్కో అక్షరానికీ ఆగి ఊపిరి తీసుకుంటాడు. గడి ఆయనకు చాలలేదు. సంతకం గడి దాటి ఎర్ర సిరా మీదికి పోయింది.