బొట్టు పెట్టిన పెట్టె

సోల్డరింగ్ తీగ కరిగే వాసన వస్తే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ ఉదయం కొత్త సెన్సర్‌కి రెండు వైర్లు అతికిస్తుంటే ఆ తెల్లటి పొగ ముక్కుకి తగిలింది. వెంటనే ‘మళ్లీ చెయ్యి’ అన్న గొంతు వినిపించినట్లయింది. కుటుంబరావు మాస్టారు పోయి రెండేళ్లయింది. నన్ను విసిగించడం మాత్రం ఆయన మానలేదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరైన మనిషి. నూజివీడు బస్టాండు వెనక సందులో చిన్న గది అద్దెకు తీసుకుని మోటారు స్టార్టర్లు, మిక్సీలు బాగుచేసేవారు. నేను ఇంటి నుంచే ఒక కంపెనీకి డేటా సైంటిస్టుగా పనిచేస్తున్నాను. ఎక్కడెక్కడి యంత్రాల నుంచో వచ్చే అంకెలతో మోడళ్లు కట్టడం నా పని. ఒకరోజు మీటింగులో, ఈ అంకెలు మధ్యలో ఎందుకు తెగిపోయాయని అడిగారు. వాటిని పంపే యంత్రం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆ సిగ్గుతోనే మాస్టారి దగ్గర చేరాను. నెలలో అన్నీ వచ్చేస్తాయనుకున్నాను.

నెలంతా ఆయన నాచేత అతుకులు వేయించారు. వేసిన ప్రతి అతుకునూ కళ్లజోడు పైకెత్తి చూడడం, పీకెయ్యడం, మళ్లీ చెయ్యమనడం. తర్వాత మీటరు. పాత బ్యాటరీ వోల్టేజీ గంటకోసారి చూసి నోటుబుక్కులో రాయాలట! ల్యాప్‌టాప్ తెరిస్తే ముఖం చిట్లించేవారు. ఒకరోజు నా ఓపిక నశించింది.

“మాస్టారూ, ఇదంతా కంప్యూటరే రాసుకుంటుందండీ. నేను డేటా సైంటిస్టుని.”

“అయితే డేటా పుట్టేచోటు చూడక్కర్లేదా అమ్మా?”

“చూస్తానండీ. ముందు అంకెల్ని ఫోనుకి పంపే ఆ వైఫై బోర్డు నేర్పండి.”

“నేర్పుతా. ముందు ఇది రాయి.”

నేర్పారు, నా ప్రాణం తీసి నేర్పారు. నాలుగో నెలలో గాలిలో తేమ కొలిచి ఫోనుకి పంపే పెట్టె ఒకటి నా చేతులతో తయారైంది. సరిగ్గా అప్పుడే మా బాబాయి, కాయల్ని తోటలోనే అమ్మేయడం మాని, సొంతంగా మగ్గబెట్టి అమ్ముదామని ఒక గది కట్టించాడు. గదిలో తేమ తగ్గితే మామిడికాయ తొక్క ముడతలు పడుతుంది, అప్పుడు నేలమీద నీళ్లు చల్లాలి. ఎప్పుడు చల్లాలో నా పెట్టె చెబుతుందని గొప్పగా మాటిచ్చాను. బిగించిన రోజు పిన్ని పసుపు, కుంకుమ తెచ్చింది. కొత్త మోటారుకీ కొత్త ట్రాక్టరుకీ పెట్టుకున్నట్లే దీనికీ పెట్టాలంది. పెట్టె ముందువైపు నేనే తడిపసుపు నిండుగా రాసి కుంకుమ దిద్దాను. అందరం ఫొటో కూడా దిగాం.

ఆ మర్నాడే తొలి కాపు బంగినపల్లి కాయలతో గది నిండింది. రెండోరోజు బాబాయి ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, గదిలోకెళ్తే గాలి పొడిగా తగులుతోందే. నీళ్లు చల్లించనా?”

“వద్దు బాబాయ్, తేమ తొంభై శాతం ఉంది. ఎక్కువైతే బూజు పడుతుంది.”

మూడోరోజూ అదే అడిగాడు, అదే చెప్పాను. నాలుగోరోజుకి కాయలు ముడతలు పడ్డాయి. అంకె మాత్రం తొంభై దగ్గరే మొండికేసి కూర్చుంది. నేను ప్రోగ్రాం మూడుసార్లు తిరగరాసి, గ్రాఫులు గీసి, ల్యాప్‌టాప్ పట్టుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తెర వైపు కన్నెత్తి చూడలేదు.

“పెట్టెని చూశావా?”

“గ్రాఫులో చూడండి మాస్టారూ, ఇక్కడ...”

“పెట్టెని అమ్మా, పెట్టెని!”

ఆటోలో తోటకి వెళ్లాం. ఆయన మొదట గది నేలమీద అరచెయ్యి ఆనించి, పొడిగా ఉందని చూసుకున్నారు. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్లి కళ్లజోడు పైకెత్తారు. గాలి లోపలికి వెళ్లాల్సిన చిల్లులన్నీ నా పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి. పైన ఎండినా లోపలి ముద్ద ఇంకా పచ్చిగానే ఉంది. నా సెన్సర్ ఇన్నాళ్లూ ఆ పసుపులోని తడినే కొలుస్తోంది. ఆయన జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి చిల్లులు శుభ్రం చేశారు. కాసేపటికి అంకె యాభైకి పడింది.

“బొట్టు నుదుటికి పెడతారమ్మా, ముక్కుకి కాదు” అన్నారు. పిన్ని చేత కుంకుమ తెప్పించి, పెట్టె మూతమీద తనే ఒక చుక్క పెట్టారు.

ఏడ్చేశాను. సగం కాయలు తాండ్ర వేసేవాళ్లకి పోయాయి. బాబాయి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “పొడిగా ఉందని నా ఒంటికి తెలిసింది కదే. నువ్వు వద్దన్నావని మానేశాను” అన్నాడు, అంతే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

ఇప్పుడు మా టీములో కొత్తవాళ్లు గ్రాఫులు పట్టుకుని వస్తే, యంత్రాన్ని వెళ్లి చూశారా అని అడుగుతాను. వాళ్ల ముఖాల్లో చిరాకు కనిపిస్తుంది. ఆ చిరాకు నాకు బాగా తెలుసు. ఈ ఉదయం అతికించిన సెన్సర్ కూడా బాబాయి గదికే. మొదటి అతుకు నేనే పీకేసి మళ్లీ వేశాను. బొట్టు మూతమీదే పెడతాను. గాలి పొడిగా ఉందని బాబాయి అంటే మాత్రం, ముందు నీళ్ల బకెట్టు అందుకుంటాను. ఫోను తర్వాత చూస్తాను.