చిన్న చక్రాల్లో పెద్ద బ్రేకులు

బందరులో బ్రేకు పట్టని బండి ఎక్కినవాళ్లు ముందు దేవుణ్ణి, ఆ తర్వాత నతానియేలుని తలుచుకునేవారు. వాళ్ల నాన్న పెడన అవతల ఓ పల్లెలో చర్చి గంట కొట్టేవాడు. కొడుకు మిషను దొరల జీపు కింద దూరి పని నేర్చుకుని, కోనేరు సెంటరు దగ్గర రేకుల షెడ్డు వేసుకున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. మనిషిలో ఉన్న లోపమల్లా ఒకటే, పెద్దవాళ్లు అడిగితే కాదనలేడు. "బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మీ నోట్లోంచి ఆ ఒక్క మాటా కడిగేసినట్టున్నారు," అనేది భార్య దయామణి. దానికీ కాదనేవాడు కాదు.

అరవై రెండో సంవత్సరం మాఘమాసంలో బియ్యం మిల్లు శోభనాద్రి తన పాత ఇంగ్లీషు కారు తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. వెనక సీట్లో మద్రాసు నుంచి తెచ్చిన పెద్ద బ్రేకు డ్రమ్ములు నాలుగున్నాయి. అంతకుముందు నెలలో ఆ కారు కాలవ గట్టు మీద ఆగకుండా జారి, ముందు చక్రం నీళ్ల మీద గాల్లో తిరిగింది. అప్పట్నుంచి శోభనాద్రికి నిద్ర లేదు.

నతానియేలు డ్రమ్ముని చక్రంలో పెట్టి చూశాడు. "పట్టవండీ. పెద్ద చక్రాలు వేయిద్దాం, హాయిగా కూర్చుంటాయి."

"పెద్దవి వేస్తే కారు నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది. అమ్మ ఎక్కలేదు."

శోభనాద్రి తల్లి వెంకాయమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్లు వంగవు. ఆమె పీట మీద కూర్చున్నట్టు తనంత తనే కూర్చోవాలనే శోభనాద్రి కారు అసలు చక్రాలు తీయించి చిన్నవి వేయించాడు. తల్లిని ఎవరో పట్టుకుని ఎక్కించడమంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది.

"అమ్మగారిని ఓసారి అడిగి చూస్తే..." అని నసిగాడు నతానియేలు.

"మా అమ్మ సంగతి నాకు తెలీదా? నువ్వు చెయ్యగలవు నతానియేలూ. నువ్వు కాకపోతే బందరులో ఇంకెవడున్నాడు?"

ఆ మాటకి పడిపోయాడు పిచ్చివాడు. పొగడ్త మింగినంత తేలిగ్గా నిజం కక్కలేడు కదా మనిషి.

ఎనిమిది రోజులు పట్టింది. డ్రమ్ముల అంచులు లేతు మిషను మీద అరగదీయించాడు. చక్రాల లోపల పొడుచుకొచ్చిన రివెట్ల తలలు ఆకురాయితో రాకాడు. చివరికి చక్రానికీ డ్రమ్ముకీ మధ్య గోరు దూరేంత సందు మిగిలింది. ఖాళీ కారుని మంగినపూడి దారిలో తోలి బ్రేకు తొక్కితే, మేకు కొట్టినట్టు ఆగింది. చూసినవాళ్లు ఔరా అన్నారు. నతానియేలు కూడా లోపల్లోపల కాస్త పొంగాడు. ఆ రాత్రి మాత్రం మనసు పీకింది. వేడెక్కితే ఇనుము ఉబ్బుతుంది, ఏదన్నా ఇరుక్కుంటే ఆ సందులోంచి బయటికి రాదు. పొద్దున్నే చెప్పేద్దామని మిల్లుకి వెళ్లాడు. శోభనాద్రి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇప్పించాడు. కాఫీ తాగి వచ్చేశాడు.

వారం తిరక్కుండానే అవనిగడ్డ నుంచి తెల్లవారుజామున మనిషి వచ్చాడు. వెంకాయమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు లక్ష్మీకాంతమ్మ ఆఖరి ఘడియల్లో ఉంది, అక్కని చూడాలంటోంది. ఏడింటికి కారు బయల్దేరింది. తోడుంటాడని శోభనాద్రి నతానియేలుని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

చల్లపల్లి దాటాక రోడ్డంతా మినుము పరిచి ఉంది. పీకి ఎండబెట్టిన మొక్కల్ని రైతులు తారు రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బండ్లే వాటిని తొక్కి గింజలు రాలుస్తాయి. నతానియేలు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. పరీక్ష చేసిన ఇసక దారిలో మినుము లేదు, అందుకే అతనికి తట్టలేదు. ఎండు తీగలు చక్రాల్లోకి చుట్టుకుని ఆ గోరంత సందులో కూరుకుపోయాయి. ముందు చక్రం పొగలు కక్కుతూ బిగుసుకుపోయింది.

చక్రం ఊడదీసి, కాలుతున్న డ్రమ్ము మీంచి తీగలు పీకాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. అది బాగయ్యేసరికి రెండోది. ఇంతలో, తొమ్మిది కావస్తుండగా, వెనకనుంచి అవనిగడ్డ బస్సు వచ్చి ఆగింది.

"మా అమ్మ బస్సెక్కలేదు, మీరెళ్లండి," అన్నాడు శోభనాద్రి కండక్టరుతో.

ఎత్తి కూర్చోబెడదామండీ అనే మాట నతానియేలు నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దింటి విషయం, తనెవరు చెప్పడానికని మింగేశాడు. బస్సు వెళ్లిపోయింది.

కారు మైలు దూరం కదిలిందో లేదో, మళ్లీ మినుము. ఈసారి వేడికి బ్రేకు ఆయిలు గొట్టమే కాలిపోయింది. ఇక ఆ కారు నడిచేది కాదు. నతానియేలు కారు కిందే పడుకుని ఏడుపు దిగమింగుకున్నాడు.

"ఆ బస్సు ఎందుకు పంపించేశావురా?" వెనక సీట్లోంచి అడిగింది వెంకాయమ్మ.

"నువ్వెక్కలేవని అమ్మా."

"ఎక్కలేను. ఎత్తితే ఎక్కనా? ఎప్పుడన్నా అడిగావురా నన్ను?"

శోభనాద్రి వెళ్లి పక్క పొలంలో మనిషిని బండి అడిగాడు. మినుము రైతు తన ఎడ్లబండి కట్టాడు. వెంకాయమ్మ నతానియేలు వైపు చేతులు చాచింది. "ఎత్తు నాయనా. పడిపోకుండా ఎత్తు." ఎత్తాడు. వరి మోపంత బరువు కూడా లేదావిడ.

అవనిగడ్డ చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. లక్ష్మీకాంతమ్మని వసారాలో చాప మీద పడుకోబెట్టారు, తల దగ్గర దీపం వెలుగుతోంది. కోడలు కనకదుర్గ ఎదురొచ్చి బావురుమంది.

"పదింటిదాకా మాట ఉందండీ పెద్దత్తయ్యా. కారు చప్పుడైందా, అక్కొచ్చిందా అని అడుగుతూనే ఉన్నారు."

పదింటికి తనెక్కడున్నాడో నతానియేలుకి తెలుసు. బండిలోంచి ఎత్తుకొచ్చిన వెంకాయమ్మని ఆ చాప పక్కనే మెల్లిగా దించాడు. దించాక అక్కడే నిలబడ్డాడు. ఆమె తనని తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

వెంకాయమ్మ అతని వైపు చూడనే లేదు. చెల్లెలి నుదుటి మీద వెంట్రుకలు సర్ది, చెవి దగ్గరికి వంగింది.

"కారు చెడిపోయిందే లక్ష్మీ," అంది. "లేకపోతే వచ్చేసేదాన్ని."