ఏడో అంశం

మా షిఫ్టు ఫోర్‌మన్ గారు ఏ పని మొదలుపెట్టినా ముందు భద్రతా పాఠం చెప్పేవారు. అందులో ఏడు అంశాలు. ఒక్కో అంశానికి ఒక్కో వేలు మడిచేవారు, ఐదు అయ్యాక చెయ్యి మార్చేవారు. బల్బు మార్చాలన్నా ఏడూ వినాల్సిందే.

ఒక ఆదివారం ఉక్కునగరం నుంచి ఆయనతో కలిసి పద్నాలుగు మందిమి గోదావరి డెల్టాలో మడ అడవులు చూడటానికి వెళ్లాం. రాత్రి షిఫ్టుకి అందరం తిరిగి చేరాలి. ఆయన సర్వీసులో ఒక్కరోజు కూడా ఆలస్యంగా డ్యూటీకి వెళ్లలేదు. పడవ ఎక్కగానే లేచి నిలబడి మొదటి వేలు మడిచారు.

"సార్, నీళ్లు తీసేస్తున్నాయండి. ఇప్పుడు బయల్దేరకపోతే కాలవలో దిగబడిపోతామండి," అన్నాడు గైడు.

"నువ్వుండు బావా. పేనం ముఖ్యమా, సెట్లు ముఖ్యమా?"

లైఫ్ జాకెట్టు బకిల్ ఒక్కదానికే పావుగంట పట్టింది. కాలం వృథా చేయరాదన్న ఏడో అంశాన్ని రెండు ఉదాహరణలతో వివరించారు.

గైడు చెప్పినట్టే కాలవ మధ్యలో పడవ బురదలో కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా ఐదు గంటలు మేము పీతల్ని చూశాం, ఫోర్‌మన్ గారు గడియారం చూసుకున్నారు.

చివరికి పడవ మెల్లగా కదిలింది. గైడు ఇంజిను తాడు లాగబోతుంటే ఆయన లేచి మొదటి వేలు మడిచారు. నోరు తెరిచేలోపే పదముగ్గురం ఏడు అంశాలూ ఏకబిగిన అప్పజెప్పేశాం.

ఆయన గడియారం చూసుకున్నారు.

"అర నిమిషం! పొద్దున్నే ఇలా సెప్పుంటే ఈపాటికి ఇంటికాడ ఉందుం కదరా!"