మడపాయలో మొదటి పడవ

ఫిలిబర్ట్‌కు మబ్బంటే భయం. కొందరికి పామంటే భయం, కొందరికి అత్తగారంటే భయం, అతనికి మబ్బు. అదీ నెత్తిమీద కనిపించే మబ్బు కాదు. ఎక్కడో సముద్రం అవతల ఆఫ్రికా తీరాన మబ్బు తుమ్మిందని రేడియోలో చెబితే చాలు, ఇక్కడ కారియకూ దీవిలో ఫిలిబర్ట్ లంగరు ఎత్తేసేవాడు.

తుఫానుల కాలంలో ఆ దీవి పక్కన తిరెల్ బే అనే అఖాతంలో పడవల మీద కాపురముండే వాళ్ళందరూ రేడియోకు చెవులప్పగించే మాట నిజమే. తుఫాను దారి ఇటేనని తేలాక, పక్కనున్న మడ అడవి పాయలోకి వెళ్ళి, మడ వేళ్ళకు పడవలు కట్టుకుంటారు. అక్కడ పద్ధతి ఒక్కటే. ముందు కట్టినవాడిదే చోటు. మావాళ్ళు వస్తారు, కాస్త ఉంచండంటే చెల్లదు. ఎంత లోపలికి పోతే అంత భద్రం. పాయ మూతి దగ్గర మిగిలిపోయినవాడికి మాత్రం దేవుడే దిక్కు.

తుఫాను ఇటేనని తేలడం, తేలకపోవడం అనే బాధ ఫిలిబర్ట్‌కు లేదు. అందరూ చేపలు పట్టుకుంటూ ఉండగానే అతను తన ‘పేషెన్స్’ పడవను పాయ చివరిదాకా తోలుకుపోయి, ఈ గట్టుకూ ఆ గట్టుకూ తాళ్ళు లాగి, రెండు పడవల చోటు ఆక్రమించి కూర్చునేవాడు. పైన చూస్తే ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉండేది. దోనెల్లో పోయేవాళ్ళు ఊరుకుంటారా?

"ఫిలిబర్ట్ మావా, ఎండ గట్టిగా కొడుతోంది, ఇంకో తాడు కట్టు."

"కడతానురా అబ్బాయ్. నీ దగ్గర పాతదేమైనా ఉంటే పడెయ్."

అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. సిగ్గంతా అతని భార్య ఎర్మిన్‌కే. ఉతికిన దుప్పటి ఆరేసే వంకతో ఆమె ఆ దుప్పటి వెనకే దాక్కునేది. దుప్పటి ఆరిపోతే మళ్ళీ తడిపేది. ఆ ఉక్కలో, ఆ దోమల్లో, బొగ్గుల కుంపటి మీద ఉప్పుచేప ఉడికిస్తూ, "దేవుడా, నాకు ఇంత ధైర్యశాలిని ఇచ్చావు కదయ్యా" అని గొణుక్కునేది.

ఆమె బాధకు కారణముంది. ఆమె పుట్టింటివాళ్ళు తరతరాలుగా పడవ కెప్టెన్లు. అన్న కాస్మోర్ మరీనూ. అతని ‘విక్టరీ’కి ఇంజను లేదు. "ఇంజను పెట్టుకున్నవాడు డ్రైవరు. తెరచాపతో తోలేవాడే నావికుడు" అనేవాడు. తుఫాను వాసన వచ్చినా, "చూద్దాం లే, ఇలాంటివి ఎన్ని చూశాం" అని మీసం దువ్వుకుంటూ కూర్చునేవాడు. గాలి నిజంగా లేచాక, అందరికంటే ఆఖరున, దోనెతో తన పడవను తనే లాక్కుంటూ, చెమటలు కక్కుతూ పాయలోకి వచ్చేవాడు. చూస్తే చోటుండేది కాదు.

అప్పుడు పాయ చివరినుంచి ఫిలిబర్ట్ కేక వినపడేది.

"బావగారూ, సమయానికి వచ్చారు. గుండె ఒకటే దడ. కాస్త నా పక్కన కట్టుకోండి, ధైర్యంగా ఉంటుంది."

"ఏం చేస్తాం, చెల్లెల్ని నీకిచ్చిన పాపం" అని కాస్మోర్ గొప్పగా వచ్చి పక్కన కట్టుకునేవాడు. ఎర్మిన్ తల వంచుకుని ఇద్దరికీ టీ కాచి ఇచ్చేది.

ఆ ఏడాది వర్షాలు మొదలైన కొత్తలో, చర్చి నుంచి వస్తూ అందరూ వినెల్ అనే ఆవిడ రమ్ము కొట్టు దగ్గర ఆగారు. కాస్మోర్ ఒక గ్లాసు పట్టించి, బావగారి భయాన్ని అభినయించి చూపించాడు. మోకాళ్ళు వణికించాడు, పళ్ళు కటకటలాడించాడు, కొట్లో ఉన్న ఒక్క స్తంభానికి తువ్వాలుతో తనను తాను కట్టేసుకున్నాడు. జనం పడీపడీ నవ్వారు. ఫిలిబర్ట్ కూడా నవ్వాడు.

"ఎర్మిన్, ఈసారి తుఫానుకి నీ గౌనొకటి ఆయనకి తొడుగు" అంది వినెల్.

ఎర్మిన్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. పడవకు తిరిగి రాగానే ఇంజను తాళం తీసి జాకెట్లో దోపుకుంది.

"ఏమయ్యా, చెబుతున్నా విను. ఈసారి మన పడవ అందరికంటే ముందు కదిలిందో, నేను దిగి మా అన్నయ్య పడవలోకి పోతా."

"అది కాదే..."

"ఏది కాదు? మగాడివై పుట్టి మబ్బుకి భయమేంటయ్యా? నలుగురిలో మొహం చూపించుకోడానికి నీకు లేకపోయినా నాకుంది సిగ్గు."

ఫిలిబర్ట్ తల గోక్కున్నాడు.

తర్వాత వచ్చిన మబ్బు నిజం మబ్బు. రేడియో ఒక పేరు పెట్టి మరీ చెప్పింది.

"ఎర్మిన్, తాళం ఇయ్యవే. భయమేస్తోంది."

"ఒక్క పడవైనా కదిలిందా? కదలనీ."

మధ్యాహ్నం అడిగాడు. సాయంత్రం అడిగాడు. అన్నం ముందు కూర్చుని తినకుండా అడిగాడు. ఆమె రాయిలా కూర్చుంది. తీరా తెల్లవారేసరికి ఒక పడవ కదిలింది. దాన్ని చూసి ఇంకోటి, ఇక గొర్రెల మందే. ఎర్మిన్ తాళం ఇచ్చి వీళ్ళు పాయ చేరేసరికి అది కిటకిటలాడుతోంది. మిగిలినవి రెండే చోట్లు. మధ్యలో ఇరుకుది ఒకటి, పాయ మూతి దగ్గర ఒకటి.

ఫిలిబర్ట్ మధ్య చోట్లోకి పడవను దూర్చి తాళ్ళు కట్టాడు. ఎర్మిన్ హమ్మయ్య అనుకుంది. అంతలో మూతి అవతల ‘విక్టరీ’ కనిపించింది. కాస్మోర్ దోనెలో తెడ్లు వేస్తున్నాడు. అతను ముందుకు లాగుతుంటే గాలి పడవను వెనక్కి, రాళ్ళవైపు లాగుతోంది.

ఫిలిబర్ట్ కట్టిన తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది ఎర్మిన్.

అతను పడవను వెనక్కి తీసుకుపోయి, విక్టరీకి మోకు విసిరి, ఇంజనుతో లాక్కొచ్చి, తాము ఖాళీ చేసిన చోటు ముందు ఆపాడు.

"బావగారూ, అక్కడ దోమలు. నాకు దోమలంటే ప్రాణభయం. కాస్త ఆ చోట్లో మీరుందురూ, నేను మూతి దగ్గర సర్దుకుంటా."

"తుఫాను వదిలేసి దోమలకి భయపడేవాణ్ణి నిన్నే చూశాను బావా" అంటూ కాస్మోర్ రొప్పుతూనే లోపల కట్టుకున్నాడు.

పేషెన్స్‌ను మూతి దగ్గర మడ వేళ్ళకు కడుతున్న ఫిలిబర్ట్ చేతుల వంక ఎర్మిన్ చూసింది. వాటిలో వణుకు లేదు. ప్రతి ఏడూ ఆఖరున వచ్చిందెవరో, పక్కన చోటు దొరికిందెవరికో అప్పుడు ఆమెకు తట్టింది. డెక్కు మీద కూలబడింది.

"అన్నయ్య కోసమా? ఇన్నేళ్ళూ?"

"ఇంజను లేదు కదే. రమ్మంటే రాడు. సాయం చేస్తానంటే అసలే రాడు. నాకు భయమంటే మాత్రం పరిగెత్తుకొస్తాడు. మంచివాడు మీ అన్నయ్య."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఆయన్ని చూసే నీ చూపు మారిపోదూ?"

మొగుణ్ణి చూసి ఇన్నేళ్ళు పడ్డ సిగ్గంతా ఒక కుప్ప పోసినా, ఆ క్షణాన తనను చూసి తాను పడ్డ సిగ్గుకు సరితూగదు. తాళం దాచింది తనే. ఆ తాళం ముందే ఇచ్చి ఉంటే ఇద్దరూ లోపలే ఉండేవారు. లేచి వెళ్ళి అతనితోపాటు తాళ్ళు బిగించింది.

తుఫాను పట్టపగలే వచ్చింది. పేషెన్స్ తెరచాప కొయ్య విరిగింది, గది కప్పు ఎగిరిపోయింది, వంటగిన్నెలు ఏ దీవికి పోయాయో తెలియదు. తాళ్ళు మాత్రం తెగలేదు. లోపలున్న విక్టరీకి రంగు కూడా గీసుకుపోలేదు.

కొన్నాళ్ళకు వినెల్ కొట్టు మళ్ళీ తెరిచింది, కప్పు బదులు టార్పాలిన్ కట్టుకుని. కాస్మోర్ దోమల కథ ఎత్తుకున్నాడు. చెంపలు వాయించుకుంటూ, బావగారు దోమలకు దండం పెట్టడం చూపించాడు. జనం కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు.

"ఇంత పిరికాయనతో ఎలా కాపురం చేస్తున్నావే?" అంది వినెల్.

ఎర్మిన్ నోరు తెరిచింది. మూలన కూర్చున్న ఫిలిబర్ట్ వద్దన్నట్టు కొద్దిగా తల ఊపాడు. ఆమె అన్న మొహంలోని సంబరం చూసింది, మొగుడి మొహం చూసింది.

"పిరికి ఆయన కాదు వినెల్. నేను" అంది. "మబ్బు చూస్తే నాకే వణుకు. కెప్టెన్ల ఇంటి ఆడపిల్ల పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఆయనే ఆ పేరు తన మీద వేసుకున్నాడు."

కొట్లో మళ్ళీ నవ్వు మొదలైంది. ఈసారి ఎర్మిన్‌ను చూసి.

"మన వంశంలో పుట్టి నువ్వా?" అన్నాడు కాస్మోర్ నోరెళ్ళబెట్టి.

"ఏం చెయ్యను అన్నయ్యా. నువ్వు ఆఖరున వస్తావు, వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు. ముందే వచ్చి పక్కన కట్టుకుంటే కాస్త కుదుటపడతాను. ఈయనొక్కడుంటే చాలట్లేదు నాకు."

కాస్మోర్ గుండె పొంగింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అంత మాటన్నాక ఇంకేముందమ్మా. ఇకమీదట రేడియోలో మబ్బు మాట వినబడగానే నేను బయల్దేరతా. అందరికంటే ముందు. మీ చోటు కూడా నేనే పట్టి ఉంచుతా, నువ్వు బెంగ పెట్టుకోకు."

కొట్టంతా ఇంకా నవ్వుతూనే ఉంది. వినెల్ అయితే గౌను సంగతి కూడా మళ్ళీ ఎత్తింది. ఎర్మిన్ దాక్కోవడానికి ఏ చాటూ వెతుక్కోకుండా, వేయించిన చేపల పళ్ళెం అన్న ముందుకు జరిపి, ఫిలిబర్ట్ పక్కనే కూర్చుంది.